దోమలలో దోమను గుర్తించిన కథ

వానాకాలం రాగానే దోమలు, బొద్దింకలు, చీమలు గాంధీనగరు ఇండ్లలోనికి పిలువని చుట్టాలవలె వచ్చి చేరుతవి. మూలలలో సాలీడు గూడు కడుతుంది. మనము అన్నిటినీ ఒకే గాటన కట్టి చీపురు పడతాము. కాని వాటిలో ఏది శత్రువో తేల్చుకొనడం తేలిక కాదు. ఇందుకు నిదర్శనం హుస్సేన్‌సాగరు ఆవలి వైపున, బేగంపేటలోనే ఉన్నది.

సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ 1895 నుండి మలేరియా రోగులను కుట్టిన దోమలను కోసి పరీక్షించాడు. ఫలితం శూన్యం. కారణమేమి? అవి వేరు జాతి దోమలు. 1897 ఆగస్టులో మచ్చల రెక్కల దోమలు చిక్కినవి. వాటిచేత హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టించి, 20వ తేదీన ఒక దోమ పొట్టగోడలో మలేరియా పరాన్నజీవి కణాలను సూక్ష్మదర్శినితో చూచాడు. ఆ దోమయే అనాఫిలిస్. 1898లో కలకత్తాలో పక్షులపై ప్రయోగాలు చేసి, వాటి మలేరియా దోమకాటుతోనే సోకునని నిరూపించాడు. 1902లో నోబెల్ బహుమానం పొందాడు.

నేటికీ మలేరియా ప్రపంచంలో ఏటా సుమారు 6 లక్షల ప్రాణాలు తీస్తున్నది. మన నగరాలలో దానిని మోసే దోమ మురుగులో కాక, మూతలేని మంచినీటి తొట్టెలలో గ్రుడ్లు పెడుతుంది. మూలనున్న సాలీడో, చిక్కిన దోమనల్లా తింటుంది. కనుక గూడు దులుపుటకు ముందు తొట్టెకు మూత వేయండి.