నవలా చరిత్రలో చోటులేని పాఠకుడు

మన నవలా చరిత్రకారులు రచయితల గురించి రాస్తారు, ఇతివృత్తాల గురించి రాస్తారు, ఉద్యమాల గురించి రాస్తారు. పాఠకుడు ఆ నవలల దగ్గరకు ఏ దారిన వచ్చాడన్నది మాత్రం రాయరు. 1922 నాటి 'మాలపల్లి'తో మొదలుపెట్టి కాలక్రమంలో చదువుకుంటూ వచ్చినవాడు ఎక్కడా వుండడు. మా తరం చరిత్రను తలకిందులుగా చదివింది: ముందు చందమామ, తర్వాత కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, ఆపైన యద్దనపూడి, యండమూరి. కాలేజీకి వచ్చాకే గోర్కీ 'అమ్మ', కుటుంబరావు, ఆళ్వారుస్వామి. ఇందులో మొదటి సగాన్ని దాచిపెట్టి, రెండో సగంతోనే తమ సాహిత్య జీవితం మొదలైనట్టు చెప్పుకోవడం మన విమర్శకులకు అలవాటు.

చందమామ సంగతే చూద్దాం. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా దాన్ని తీర్చిదిద్దినవాడు కొడవటిగంటి కుటుంబరావు. 'తోకచుక్క' వంటి ధారావాహికలు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం పేరయితే ఆ పేజీల్లో కనిపించేదే కాదు. రాజులూ రాక్షసులూ భూస్వామ్య సామగ్రే, కాదనను. అయితే విశేషణాల బరువు లేకుండా, ఒక పని వెనక మరో పనిగా కథ నడిపే తెలుగు మా చెవికి అక్కడే పట్టుబడింది. కుటుంబరావు పోయాక కూడా ఆ వచనం చాలాకాలం నిలిచింది. అందుకే కాలేజీలో ఆయన 'చదువు' నవల తెరిస్తే భాష కొత్తగా తోచలేదు. కొత్తగా తోచింది విషయం. చదువుకున్న సుందరానికి ఆ చదువు బతుకులో ఎందుకు అక్కరకు రాలేదన్న ప్రశ్న, బడిలో తెలుగు చెప్పుకుని బతికే నాకు ఇప్పటికీ పాతబడలేదు.

ఇక అద్దె పుస్తకాల షాపు. గ్రంథాలయాల చట్టం 1960లో వచ్చింది, ఇంటిపన్నుతోపాటు సెస్సూ వసూలయింది. కాని మగవాళ్లు పేపర్లు పరుచుకుని కూర్చున్న ఆ గదిలోకి వెళ్లి నవల చదివే వీలు ఎందరు ఆడవాళ్లకు దొరికింది? అద్దె నవల పిల్లవాడి బడిసంచిలో ఇంటికి వచ్చేది. అద్దె ఒకరిది, చదివేవాళ్లు నలుగురు. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' అలా ఇల్లిల్లూ తిరిగింది. ఆ నవలలో రాజశేఖరాన్నీ అతని కారునీ వెక్కిరించడం తేలిక. మధ్యతరగతి ఆడపిల్లకు అమ్మిన కల అన్న విమర్శలో నిజం కూడా వుంది. కాని జయంతి ఉద్యోగం చేస్తుంది, మాట పడదు. చదివిన ఇల్లాలు కారును చూసిందో జీతాన్ని చూసిందో మన విమర్శ ఆమెను అడగలేదు. 'తులసిదళం' మీద నాకంత దయ లేదు. చేతబడి భయాన్ని సరుకు చేసిన నవల అది. దాన్ని క్షుద్రసాహిత్యమన్నవాళ్లు సబబుగానే అన్నారు.

ఈ దారిలో చివరి మలుపు వట్టికోట ఆళ్వారుస్వామి. నిజాం పాలనలో, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలను తానే మోసుకువెళ్లి అమ్మిన మనిషి. 'ప్రజల మనిషి' రాసింది ఆ తర్వాతే. దొర రామభూపాలరావును ఎదిరించే కంఠీరవం ఆయనకు గదిలో కూర్చుని తోచిన పాత్ర కాదు. పాఠకుడి గడప తొక్కిన రచయిత కాబట్టే ఆ నవలలో ఉపన్యాసం దొర్లినచోట కూడా ఊరు ఊరుగానే వుంటుంది.

అద్దె షాపులు టీవీ రాకతో 1990లలో ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఎవరు ఏ నవల తీసుకెళ్లారో, ఎన్నాళ్లు వుంచుకున్నారో రాసుకున్న ఖాతా పుస్తకాలు ఆ యజమానుల దగ్గర వుండేవి. పరిశోధక విద్యార్థులు మరో కావ్యంలో అలంకారాలు లెక్కపెట్టే ముందు ఆ ఖాతాల కోసం వెతకాలి. యజమానులు ముసలివాళ్లయ్యారు, కాగితం చెదలుపడుతోంది.