మడత కత్తి చేయించుకుంటున్నారా? బలమంతా ఇరుసులోనే

మలికిపురం: వశిష్ఠ, వైనతేయ గోదావరి పాయల నడుమనున్న మలికిపురం మండలంలో కత్తి లేని ఇల్లు కనిపించదు. బొండం కొట్టాలన్నా, గెల దించాలన్నా, మట్ట నరకాలన్నా కత్తే ఆధారం. ఇవన్నీ దాదాపు పిడికి బిగించిన నిలువు కత్తులే. జేబులో ఇమిడిపోతూ గట్టి పనికి ఆగే మడత కత్తిని కమ్మరి చేత ప్రత్యేకంగా చేయించుకోదలచిన వారు మాత్రం కొన్ని సంగతులు ముందే తెలుసుకోవాలి. ఎందుకంటే మడత కత్తిలో లోపముంటే తెగేది తాడు కాదు, వేలు. రెక్కల కష్టంతో బతికేవారికి వేలు తెగితే ఆ పూట కూలి పోయినట్లే.

ఇరుసే ప్రాణం

నిలువు కత్తిలో అలుగు, పిడి ఒకే కడ్డీగా సాగుతాయి. మడత కత్తిలో ఆ రెండింటినీ ఒక్క ఇరుసు మేకు కలుపుతుంది. ఎంత మంచి ఉక్కు వాడినా ఇరుసు వదులైతే ఆ కత్తి పనికిరాదు. సాధారణ మడత చాకుల అలుగు మందం 2 నుంచి 3 మిల్లీమీటర్లు ఉంటుంది. బరువైన పనికి చేసేవాటికి 4 మిల్లీమీటర్లు, ఆపైన ఉంచుతారు. అలుగు మందం పెంచినప్పుడు ఇరుసు లావు, పిడి రేకుల మందం కూడా పెంచాలి.

తెరిచిన అలుగు తిరిగి మూసుకోకుండా పట్టి ఉంచే ఏర్పాట్లు పలు రకాలు. వీపున స్ప్రింగు పట్టీ ఉన్నవి కేవలం ఒత్తిడితో నిలుస్తాయి. ఫ్రాన్సులో 1890లో మొదలైన ఒపినెల్ చాకుకు 1955లో తిరిగే ఉక్కు కట్టు చేర్చారు. 1980ల తొలినాళ్లలో అమెరికా కత్తుల తయారీదారు మైకేల్ వాకర్ తీర్చిదిద్దిన పద్ధతిలో పిడి లోపలి రేకు అలుగు మడమ వెనక్కు వచ్చి అడ్డు నిలుస్తుంది. గట్టి పనికి ఇలాంటి అడ్డు తప్పనిసరి.

తీసుకునేటప్పుడు పరీక్ష

అలుగు తెరిచి పక్కలకు, పైకి కిందికి కదిపి చూడాలి. కదలిక ఉండకూడదు. మూసినప్పుడు అలుగు రెండు రేకుల మధ్య సరిగ్గా నడుమన ఉండాలి. మొన బయటకు రాకూడదు. వేళ్లు అలుగు దారిలో లేకుండా పట్టుకుని కత్తి వీపును చెక్కపై మెల్లగా తట్టాలి. అడ్డు జారితే తిప్పి ఇచ్చేయాలి.

ఉక్కు, తుప్పు

కొలిమిలో కత్తులకు లారీ కమాను పట్టీల ఉక్కు వాడటం పాత అలవాటు. అందులో కర్బనం 0.5 నుంచి 0.6 శాతం ఉంటుంది. అయస్కాంతం అంటుకోని స్థితి దాటే వరకు కాల్చి, నూనెలో ముంచి, మళ్లీ సుమారు 200 డిగ్రీల వేడిలో ఉంచితే పదును, పెళుసుదనం సమతూకంలోకి వస్తాయి. ఈ రెండో వేడి తప్పితే అలుగు గాజులా విరుగుతుంది.

సముద్రపు ఉప్పుగాలికి, కొబ్బరి నీటికి ఈ ఉక్కు త్వరగా తుప్పు పడుతుంది. పని కాగానే కడిగి, తుడిచి, ఆరబెట్టాలి. అలుగుకు పలుచగా కొబ్బరి నూనె రాస్తే చాలు. చలికాలంలో గడ్డకడుతుంది కనుక ఇరుసులో మాత్రం కుట్టు మిషను నూనె వేయాలి. బొండాలు కొట్టడానికి, మూతలు పెకలించడానికి మడత కత్తిని ఎన్నడూ వాడరాదు. ఆ దెబ్బ నేరుగా ఇరుసుపై పడుతుంది.

చట్టం ఏమంటోంది

ఆయుధాల చట్టం-1959 ప్రకారం కేవలం గృహ, వ్యవసాయ అవసరాలకే రూపొందించిన వస్తువులు ఆయుధాల కిందికి రావు. అలుగు 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు ఉండి, గృహ, వ్యవసాయ, శాస్త్రీయ, పారిశ్రామిక పనులకు ఉద్దేశించని కత్తులను ఆయుధాల నిబంధనలు-2016 ఆయుధాల జాబితాలో చేర్చాయి. నాలుగో సెక్షన్ కింద ప్రకటించిన ప్రాంతాల్లో వాటికి లైసెన్సు కావాలి. పని కత్తికి 4 అంగుళాల అలుగు చాలు.

నిషేధాజ్ఞల వేళ పని కత్తినైనా ఇంట్లోనే ఉంచడం మేలు. 2022 మే 24 నాటి అల్లర్ల సమయంలో అమలాపురంలో 144 సెక్షన్ విధించిన సంగతి పాఠకులకు విదితమే. 2024 జూలై 1 నుంచి ఆ అధికారం భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 163వ సెక్షన్ కిందికి వచ్చింది. విమానంలో గల్ఫ్ దేశాలకు వెళ్లేవారు చేతి సంచిలో ఏ కత్తినీ ఉంచరాదు.

కొలిమి నిలవాలి

తెలుగు నేలకు ఉక్కు కొత్త కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పూర్వం పర్షియా వర్తకులు వచ్చేవారు. నేడు కమ్మరులకు 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకం కింద పనిముట్లకు రూ.15 వేలు, రెండు విడతల్లో రూ.3 లక్షల వరకు 5 శాతం వడ్డీకి రుణం పొందే వీలుంది.

కొన్న చాకు ఇరుసు వదులైతే పారేయాలి. చేయించుకున్న కత్తి ఇరుసు వదులైతే అదే కొలిమికి తీసుకువెళ్లి బిగించుకోవచ్చు. చేతి కత్తికి ఎక్కువ సొమ్ము చెల్లించేది ఆ భరోసాకే. అయితే కత్తి బాగుండాలంటే ముందు కొలిమి ఆరకుండా ఉండాలి.