కంప్యూటరు నేర్చుకున్న చిట్టా పద్ధతి

ప్రత్యేక సంచికకు పాత సంగతి ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు కోరారు. కంప్యూటరు విభాగంలో పనిచేసినవాడిని కనుక, పని ఒత్తిడి పెరిగినప్పుడు యంత్రం ఎందుకు ఆగిపోయేదో, ఆగితే ఫైళ్ళు ఎందుకు చెడిపోయేవో, దానికి విరుగుడు ఎలా దొరికిందో నాలుగు మాటలు రాస్తున్నాను. మన పింఛను లెక్కలు నేడు డిస్కుల మీదే ఉన్నాయి. 2014 నుంచి జీవన ప్రమాణ పత్రం కూడా కంప్యూటరు ద్వారా ఇవ్వగలుగుతున్నాం. కనుక ఇది మనందరికీ సంబంధించిన విషయమే.

మొదటి డిస్కును ఐ.బి.ఎం. సంస్థ 1956లో తెచ్చింది. 24 అంగుళాల పళ్ళేలు 50 కలిపితే దానిలో పట్టినవి 50 లక్షల అక్షరాలు. ఏ ఫైలు ఎక్కడ ఉందో, ఏ జాగా ఖాళీగా ఉందో చెప్పే పట్టికలు కూడా డిస్కు మీదే ఉండాలి. ఈ ఏర్పాటునే ఫైల్ సిస్టమ్ అంటారు. మన రికార్డు గదిలో ఇండెక్సు రిజిస్టరు వంటిదన్నమాట. రిజిస్టరు చెడితే కట్ట ఉన్నా లేనట్టే.

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రారంభించిన యూనిక్స్‌తో ఈ కథ మలుపు తిరిగింది. డిస్కు నెమ్మది కనుక, రాయవలసినదాన్ని యూనిక్స్ ముందు మెమరీలో ఉంచుకుని, సుమారు 30 సెకన్లకోసారి డిస్కుకు పంపేది. ఒక ఫైలు పెరగాలంటే ఖాళీ జాగాల పట్టికలోను, ఫైలు వివరాల్లోను, అసలు జాగాలోను, మూడుచోట్ల రాయాలి. పని ఎక్కువైతే మెమరీలో పేరుకున్న బాకీ కూడా ఎక్కువ. ఆ సమయంలో కరెంటు పోతే ఒకచోట రాసినది మరోచోట ఉండదు. ఒకే జాగా ఇద్దరి పేర పట్టా అయినట్టు, రెండు ఫైళ్ళకు చెందినట్టు కనిపించేది.

ఆ చిక్కు విప్పడానికి ఎఫ్‌ఎస్‌సీకే అనే తనిఖీ ప్రోగ్రాము వచ్చింది. అది పట్టికలన్నిటినీ ఒకదానితో ఒకటి సరిపోల్చేది. 1983లో బర్క్లీ విశ్వవిద్యాలయం వారి యూనిక్స్‌లో మార్షల్ కిర్క్ మెక్‌కుసిక్ ప్రభృతులు పట్టికల మార్పులను ఒక వరుసలో డిస్కుకు చేర్చే పద్ధతి పెట్టారు. నష్టం తగ్గింది గాని తనిఖీ తప్పలేదు. డిస్కు పెద్దదయ్యేకొద్దీ తనిఖీ గంటల తరబడి సాగేది.

1980ల చివర మా విభాగంలో ఒక యూనిక్స్ యంత్రం నెల పొడుగునా బాగానే ఉండి, జీతం బిల్లుల రోజునే ఆగేది. అందరూ ప్రోగ్రామును తప్పుపట్టారు. సర్వీసు ఇంజనీరు ఒక్కొక్క డిస్కును విడిగా నడిపిస్తే ఏమీ కాలేదు. అన్నీ కలిసి తిరిగితేనే పవర్ సప్లయిలో వోల్టేజి పడిపోతోంది. దాన్ని మార్చాక యంత్రం ఆగలేదు. అందుకే భారం మీద మాత్రమే కనిపించే జబ్బుకు ముందుగా కరెంటు, కేబులు, మెమరీ, వేడి చూడాలి, ఆ తరువాతే ప్రోగ్రాము జోలికి పోవాలి.

అయితే యంత్రం ఆగినా లెక్క చెడకుండా చూడడం ఎలా? దీనికి జవాబు మన దుకాణాల్లో ఎప్పటినుంచో ఉంది. ముందు చిట్టాలో రాసుకుని, తరువాత ఆవర్జాకు ఎక్కిస్తారు. ఎక్కించేటప్పుడు దీపం ఆరినా, చిట్టా చూసి పూర్తి చేసుకోవచ్చు. డేటాబేసుల్లో 1970లలోనే జిమ్ గ్రే మొదలైనవారు ఈ మార్గం పట్టారు. మద్రాసు ఐ.ఐ.టి.లో చదివిన సి. మోహన్, ఆయన సహచరులు 1992లో ‘ఏరీస్’ పేరిట దీనికి సమగ్ర రూపమిచ్చారు. ఫైల్ సిస్టమ్‌లలో ఇదే జర్నలింగ్. ఐ.బి.ఎం. ఏఐఎక్స్‌లో 1990లోను, విండోస్ ఎన్.టి.లో 1993లోను, స్టీఫెన్ ట్వీడీ కృషితో లినక్స్‌లో ఎక్స్‌ట్3 రూపంలో 2001లోను వచ్చింది. గంటల తనిఖీ క్షణాల్లోకి దిగింది.

చిట్టా సాధారణంగా కాపాడేది పట్టికలనే, ఫైలులోని విషయాన్ని కాదు. 2009లో ఎక్స్‌ట్4 వాడినవారిలో కొందరికి, యంత్రం హఠాత్తుగా ఆగిన తరువాత, పేరు ఉండి లోపల ఏమీ లేని ఫైళ్ళు కనిపించాయి. వేగం కోసం విషయాన్ని రాయడం ఆలస్యం చేయడమే కారణం. థియోడోర్ త్సో దాన్ని సరిచేశారు. డిస్కు తన సొంత మెమరీలో పెట్టుకుని ‘రాసేశాను’ అని ముందే చెప్పినా ఇదే ప్రమాదం.

ఈ చరిత్ర చెప్పేది ఒక్కటే. వేగం పేరిట రాయడం వాయిదా వేసిన ప్రతిసారీ, రాసే వరుసను ఎవరో ఒకరు కాపలా కాయవలసివచ్చింది. చిట్టా యంత్రాన్ని నిలబెడుతుంది, పోయిన కాగితాన్ని తిరిగి ఇవ్వదు. కనుక మిత్రులు పి.పి.ఓ. నకలు, సర్వీసు కాగితాలు కంప్యూటరులో ఒకటి, వేరే చోట ఒకటి, బీరువాలో ఒకటి ఉంచుకోవలసిందిగా మనవి.