తలతిప్పు తగ్గించిన చీకటి

2013లో ఆకులస్ కంపెనీ తన తొలి రిఫ్ట్ వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్లను ప్రోగ్రామర్లకు పంపింది. అవి ఆ కంపెనీ సీఈఓ బ్రెండన్ ఇరిబ్‌కే పడేవి కావు. పెట్టుకుంటే చాలు, కడుపులో తిప్పేది. ఆ సంగతి ఆయన బయటికే చెప్పేవాడు.

కారణం ఇదీ: ఆటలో పరుగెడుతున్నామని కళ్లంటాయి, కూర్చునే ఉన్నామని లోపలి చెవి అంటుంది. బస్సులో పుస్తకం చదివేవాళ్లకు ఇదే తిరగేసి జరుగుతుంది. అయితే తొలి రిఫ్ట్‌లో ఉన్నచోటే తల తిప్పి చూసినా ఇబ్బందే. ఆ ముడి విప్పడంలో అమెరికాలోని వాల్వ్ కంపెనీలో మైకేల్ అబ్రాష్, ఆయన తోటివాళ్ల పాత్ర పెద్దది.

వాళ్లు పట్టుకున్న కిటుకు ఎన్నిసార్లు చదివినా ముచ్చటేస్తుంది. ఒక వస్తువు మీద చూపు నిలిపి తల కుడికి తిప్పితే, కళ్లు వాటంతటవే ఎడమకు జరుగుతాయి. సెకనుకు 60 బొమ్మలు చూపే తెర మీద ఒక్కో బొమ్మ దాదాపు 17 మిల్లీసెకన్లు వెలుగుతూనే ఉంటుంది. ఈలోగా తెర తలతోపాటే కదిలిపోతుంది, బొమ్మ రెటీనా మీద అలుక్కుపోతుంది. అందుకని బొమ్మను రెండు మూడు మిల్లీసెకన్లలోపే తళుక్కుమనిపించి, తర్వాతిది వచ్చేదాకా తెరను చీకటి చేసేశారు. బొమ్మలు వేగంగా మారితే ఆ చీకటి కంటికి ఆనదు. తల జాడ పట్టడానికి వాల్వ్‌లో ఒక గది గోడలనిండా నలుపు తెలుపు గళ్ల కాగితాలు అతికించారు. హెడ్‌సెట్ మీది కెమెరా వాటిని చూసి తల ఎక్కడుందో లెక్కగట్టేది. ఆ గదికి వచ్చి చూసిన ఇరిబ్‌కు కడుపులో తిప్పలేదు. 2014 జనవరిలో లాస్ వేగాస్‌లో ఆకులస్ ప్రదర్శించిన క్రిస్టల్ కోవ్ నమూనాలో చీకటి కిటుకూ ఉంది, తల జాడ పట్టే కెమెరా కూడా ఉంది.

తల తిప్పి చూసినప్పటి బాధ తగ్గింది కానీ, ఆటలో నడక, పరుగుల బాధ మిగిలింది. దానికీ చీకటే అక్కరకొచ్చింది. మనం ముందుకు పోతున్నామన్న భావన ఎక్కువగా చూపు అంచుల నుంచే పుడుతుంది. కొలంబియా విశ్వవిద్యాలయంలో అజోయ్ ఫెర్నాండెస్, స్టీవెన్ ఫైనర్ ఆ అంచుల మీదే పనిచేశారు. కదలిక మొదలవగానే చుట్టూ నలుపు కమ్ముకొస్తుంది, ఆగితే విచ్చుకుంటుంది. అదీ మెల్లమెల్లగా. 2016లో వెలువడిన వాళ్ల పరిశోధనలో పాల్గొన్నవాళ్లలో చాలామంది ఆ మార్పును గమనించనేలేదు. కడుపులో తిప్పడం తగ్గి, వీఆర్‌లో ఎక్కువసేపు ఉండగలిగారు.

అదే ఏడాది వచ్చిన గూగుల్ ఎర్త్ వీఆర్‌లోనూ ఎగిరేటప్పుడు అంచులు ఇలాగే మూసుకుంటాయి. ఇప్పుడు చాలా ఆటల సెట్టింగ్స్‌లో ఈ సదుపాయం ఉంది. చూపు ఇరుకైందని కొందరు దాన్ని ఆపేస్తారు. కొత్తగా హెడ్‌సెట్ పెట్టుకునేవాళ్లు మాత్రం, అలవాటయ్యేదాకా అలాగే ఉంచుకోవడం మేలు.