హైదరాబాదు నామాంకిత సైనిక పతకములు

శాసనములును నాణెములును వలెనే సైనిక పతకములును చరిత్రకు సాధనములు. శాసనము దాతను పేర్కొనును, నాణెము రాజును పేర్కొనును. పతకమన్ననో సామాన్యుడగు సిపాయిని సయితము పేర్కొనును. ఏ గ్రంథమునను కానరాని బంటు పేరు వెండి పతకపుటంచున నిలిచియుండుట యీ సాధనమునకుగల విశేషము. అయినను పతకముపై నున్న స్థలనామమును మాత్రమే చూచి నిర్ణయము చేసినచో నొకని కీర్తి మఱియొకని పాలగును. ఇందులకు హైదరాబాదు నామమే తగిన యుదాహరణము.

నగరమునకు తూర్పునగల ఉప్పలు, నాచారము ప్రాంతములందలి యొక యింట "హైదరాబాదు 1843" అని యాంగ్లాక్షరములుగల పతకము లభించెననుకొందము. అది నిజాము రాజధానిని గూర్చినదని చూపరులకు తోచుట సహజము. కాని యా హైదరాబాదు సింధుదేశమునందలిది. 1843 ఫిబ్రవరి 17వ తేదీన మియానీయొద్దను, మార్చి 24వ తేదీన హైదరాబాదునకు సమీపమున దుబ్బాయొద్దను సర్ చార్లెస్ నేపియరు తాల్పురు మీరుల సేనలను జయించెను. ఈ రెండు యుద్ధములకును గాను మూడు తెఱగుల పతకము లొసగబడినవి. మొదటిదానిపై మియానీ పేరును, రెండవదానిపై హైదరాబాదు పేరును, రెండింట పోరాడినవారి పతకముపై రెండు పేర్లును గలవు. ముందువైపున విక్టోరియా రాణి శిరస్సును, వెనుకవైపున ఆకులదండ నడుమ యుద్ధనామమును ముద్రితములు. దక్కను హైదరాబాదునకు వీనితో నామసామ్యముదక్క వేఱు సంబంధము లేదు.

పతకము దొరికిన చోటును ప్రమాణము కాజాలదు. నాచారమున పరిశ్రమలు నెలకొన్న పిదప నీ ప్రాంతములకు నానాదేశముల జనులు వచ్చి చేరిరి. తాతల పతకములను వెంట దెచ్చుకొన్నవారును వారిలో నుండవచ్చును.

ఇక నిజముగా దక్కనునందు బుట్టిన పేరు సయితము కాలక్రమమున దారి తప్పించును. 1853వ సంవత్సరపు సంధి ననుసరించి బేరారు రాబడితో పోషింపబడిన హైదరాబాదు కంటింజెంటు సేన, 1858లో సర్ హ్యూ రోజ్ క్రింద మధ్యహిందూస్థానమున పోరాడెను. ఆ దండయాత్రకైన పతకముపై "సెంట్రల్ ఇండియా" అను పట్టీ యుండునేగాని హైదరాబాదు పేరుండదు. 1903లో నా సేన భారతసైన్యమున లీనమయ్యెను. దాని పదాతిదళములు 1922లో 19వ హైదరాబాదు రెజిమెంటుగా నేర్పడినవి. కాని యప్పటికే అందు కుమావూనీలు, జాట్లు, అహీరులు మొదలగు ఉత్తరాదివారు విశేషముగా జేరియుండిరి. కావుననే 1945లో దానికి కుమావూను రెజిమెంటని పేరు మాఱెను. 1947 నవంబరు 3వ తేదీన కాశ్మీరమునందు బద్గాము నొద్ద ప్రాణములర్పించి, ప్రథమ పరమవీరచక్రమునకు పాత్రుడైన మేజరు సోమనాథశర్మ తొలుత 1942లో నీ హైదరాబాదు రెజిమెంటుననే యధికారిగా జేరినవాడు. ఒక సైనికుని పత్రములందు "హైదరాబాదు రెజిమెంటు" అని యున్నంతమాత్రమున నతడు దక్కనువాడని చెప్పుట యెంతటి సాహసమో దీనివలన దెలియును.

మఱికొన్ని పతకములందు దక్కనునకు సంబంధముండియు పేరు లేదు. 1799 మే 4వ తేదీనాటి శ్రీరంగపట్టణ విజయమునకై ఈస్టిండియా కంపెనీవారు పతకమొకటి వేయించిరి. ఆ దండయాత్రలో మీర్ ఆలము నాయకత్వమున నిజాము సేనయు పాల్గొనెను. పతకముపై సింహము పులిని గూల్చుచున్నట్లున్నది. పదవుల తారతమ్యము ననుసరించి బంగారము, బంగారుపూత వెండి, వెండి, కంచు, తగరము అను నైదు విధముల దానిని చేయించిరి. అయితే దాని యంచున పేరు చెక్కబడలేదు. లోహమును బట్టి ధరించినవాని హోదా నూహింపవచ్చునుగాని యతడెవడో పతకమే చెప్పజాలదు.

1948 సెప్టెంబరు 13వ తేదీన హైదరాబాదు సంస్థానముపై జరిగిన చర్యలో నల్‌దుర్గమున హవల్దారు బచిత్తర్ సింగునకును, తుంగభద్రా రైలువంతెనయొద్ద నాయకు నర్‌బహదూర్ థాపాకును అశోకచక్ర లభించెను. వీరిలో మొదటివాడు వీరమరణము నొందెను. అశోకచక్ర 1952లో నేర్పడి, 1947 ఆగస్టు 15 నుండి వర్తించునట్లు విధింపబడెను. అది శత్రుసమ్ముఖమునగాక యితరత్ర చూపిన శౌర్యమునకు జెందునది. పరమవీరచక్రముగాక యశోకచక్ర యొసగబడుటయే యా చర్యను ప్రభుత్వము యుద్ధముగా నెంచలేదని సూచించుచున్నది. ఇచ్చట పతకముయొక్క జాతియే చరిత్ర చెప్పుచున్నది.

కాబట్టి పరిశోధకుడు మొదట పతకపుటంచును చూడవలెను. అచ్చట సంఖ్య, పదవి, పేరు, పటాలము అనువానిలో నేవి గలవో వానిని ఉన్నవి యున్నట్లే వ్రాసికొనవలెను. సంఖ్య పటాలమునకు సంబంధించినదగుటచే పటాలము తెలియక సంఖ్యవలన ప్రయోజనము లేదు. తెలుగు పేర్లు ఆంగ్లలిపిలో పలువిధముల మాఱియుండును. వానిని తొందరపడి సవరింపరాదు. పిదప యుద్ధనామమును, పట్టీని, పతకములు పొందినవారి పట్టికను సరిపోల్చి, తుదకు గృహస్థుల వాక్కును చేర్చవలెను.

పాఠశాలల పండితులు తమ విద్యార్థుల యిండ్లలో నిట్టి పతకములున్న యెడల, వానిని కంసాలి మూసలో పడకమునుపే చూచి యంచునందలి యక్షరములను వ్రాసియుంచుట మేలు. కరగిన వెండికి వెల దొరకును. కరగిన పేరు మఱల దొరకదు.