మల్బరీ పాలు, పట్టుపురుగు

ధర్మవరపు పట్టుచీరను చూచినవారు నేతగాని నేర్పును మెచ్చుకొందురు. హిందూపురపు మార్కెట్టునకు పట్టుగూళ్లు తెచ్చు రైతును కొందరైనను తలంతురు. పురుగు తిన్న ఆకును గూర్చి విచారించువారు మాత్రము అరుదు. ఆ ఆకు అనేకమైన పురుగులకు విషము.

మల్బరీ ఆకును త్రుంపినచో తెల్లని పాలు కారును. చక్కెర వేషము వేసికొన్న ఆల్కలాయిడులు ఆ పాలలో కలవు. 2006లో జపాను శాస్త్రజ్ఞులు పరీక్షింపగా, కొన్ని రకముల మల్బరీలో, ఎండిన పాల బరువున ఇవి నూటికి 8 మొదలు 18 వంతుల వరకు తేలినవి. ఆముదపుటాకు తిని బ్రదుకు ఎరి పురుగునకు మల్బరీ ఆకు పెట్టగా, అది ఎదుగక చచ్చెను. ఆకును సన్నగా తరిగి పాలు తొలగించి పెట్టినప్పుడు ఆ విషము కానరాలేదు.

ఇది కడుపు నిండియు ఆకలితో చచ్చుట. ఆకులోని చక్కెరను పురుగు రెండు ముక్కలుగా విరిచినగాని ఒంటికి పట్టదు. విరువవలసిన ఎంజైము ఈ మారువేషమును చక్కెరయే యనుకొని పట్టుకొని, పని మానివేయును. పట్టుపురుగు ఎంజైములు ఈ మోసమునకు లొంగవు. వానిలో ఒకటి చక్కెరను రెండవ కొసనుండి పట్టుకొనును. అట్టిది జంతువులలో లేదనియే పూర్వము తలంచుచుండిరి. దాని జన్యువు బాక్టీరియాలనుండి వచ్చినదని 2008లో వెల్లడియైనది. చీనావారు ఈ పురుగును సాకనారంభించి సుమారు 5000 ఏండ్లు. ఈ అరువు అంతకంటె ఎంతయో ప్రాచీనము. పట్టుదారము ఘనతలో కొంత భాగము కంటికి కనబడని సూక్ష్మజీవికి చెల్లవలెనని నా యభిప్రాయము.

మైసూరు సీమలో ఈ పరిశ్రమను 18వ శతాబ్ది చివర టిప్పు సుల్తాను బెంగాలునుండి పురుగులను తెప్పించి నెలకొల్పెను. అప్పుడు పెనుకొండ దుర్గమును మైసూరు ఏలుబడిలోనిదే. 1800లో దత్తమండలములతోపాటు కుంఫిణీవారి వశమయ్యెను. పాలకులు మారినను హిందూపురమునకు మైసూరు పొలిమేర పొలిమేరగానే నిలిచెను. పురుగును, ఆకును ఇటు దాటుటకు దూరము అడ్డు కాలేదు.

అయితే ఒక చెట్టు విషమును జయించిన పురుగు ఆ చెట్టునకే కట్టుబడిపోయినది. వానలు చాలని ఈ సీమలో బోరుబావి ఎండినచో మల్బరీ తోట వాడును. గట్టుమీద ఆముదము పచ్చగా నున్నను తట్టలోని పురుగు దానిని ముట్టదు. రైతు పొరుగూర ఆకు వెదకి కొనవలెను. దొరకనిచో, గూడు కట్టకముందే పురుగులను పారవేయవలెను.