జనరేటరు – వెలుగు, పొగ

అయస్కాంత చలనమువలన విద్యుత్తు పుట్టునని 1831లో మైకేల్ ఫారడే నిరూపించెను. మరుసటి యేడు పారిస్‌లో పిక్సీ చేతితో త్రిప్పు యంత్రమును నిర్మించెను. ఆ చేతికి బదులు పెట్రోలు ఇంజను చేరిన పిదప వెలుగుతోపాటు పొగయు వచ్చినది. అందలి కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. అది నెత్తుటిలో ప్రాణవాయువు స్థానము నాక్రమించునని క్లాడ్ బెర్నార్డు 1857 నాటికే కనుగొనెను. అయినను 2005లో, అమెరికాలో కత్రినా తుపాను పిమ్మట, జనరేటర్ల పొగ కొందరి ప్రాణములు తీసినది.

2014లో హుద్‌హుద్ తుపాను విశాఖను చీకటిలో ముంచగా మనమును జనరేటరునే ఆశ్రయించితిమి. కావున దానిని ఆరుబయట, కిటికీలకు ఏడు గజముల దూరమున, తడువకుండ ఉంచుదము. చల్లారిన పిదపనే పెట్రోలు పోయుదము. ఇంటి ప్లగ్గునకు మాత్రము తగిలింపరాదు. ఆ విద్యుత్తు ఎదురు ప్రవహించి, మనకొరకే స్తంభమెక్కిన లైన్‌మన్‌ను బలిగొనవచ్చును.